రెండు చేతుల మీట

సంచీ గుమ్మంలోనే ఉంది.

అత్తగారి బట్టలు, దువ్వెన, శాలువా అప్పటికే అందులో చేరిపోయాయి. జిప్పు వేయడం ఒక్కటే మిగిలింది. ఆ జిప్పు మీద ఆడపడుచు చెయ్యి ఉంది. ఆ చేతి మీద ఇంటిల్లిపాది కళ్ళూ ఉన్నాయి.

"అడిగినదానికి సమాధానం చెప్పండి. ఆ పొద్దున అమ్మకి రక్తపోటు మాత్ర ఇచ్చిందెవరు?"

"నేనే ఇచ్చాను వదినా," అంది పెద్ద కోడలు.

"నేనూ ఇచ్చాను," అంది చిన్న కోడలు, కిటికీ వైపు చూస్తూ.

"విన్నావురా తమ్ముడూ? ఇద్దరూ ఇచ్చారట! ఎవరి పుణ్యం వాళ్ళు మూటగట్టుకున్నారు. మా అమ్మ మాత్రం రక్తపోటు పడిపోయి స్నానాలగదిలో కూలబడింది."

పెద్దవాడు రైలు షెడ్డులో మెకానిక్కు. ఇంజను కింద దూరి బోల్టు బిగించమంటే బిగిస్తాడు. ఈ ఆడవాళ్ళ మధ్య దూరడం మాత్రం అతని వల్ల కాదు. గొంతు సవరించుకుని, "పెద్ద దెబ్బేం కాదన్నాడు కదక్కా డాక్టరు," అన్నాడు.

"చిన్న దెబ్బ వచ్చిన దారినే పెద్దదీ వస్తుందిరా."

అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె కళ్ళకు వెలుగూ నీడా తప్ప మరేం ఆనవు. కట్టు కట్టిన మణికట్టును ఒళ్ళో పెట్టుకుని, మాట వచ్చిన వైపుకల్లా ముఖం తిప్పుతోంది. తను మాత్రం నోరు విప్పలేదు.

"ఒక్క ఇంట్లో ఉంటారు. ఒక్క ఆఫీసుకు పోతారు. ఒక్క బస్సెక్కుతారు. 'మాత్ర ఇచ్చావా?' అని ఒక్క ముక్క అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు!" అంది ఆడపడుచు.

పెద్ద కోడలికి ఏదో ఒకటి అనాలని ఉంది. అనడానికి ఏముంది? ఆ ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ సంచీ ఇక్కడికి వచ్చేదే కాదు.

పెద్దవాడు చివరికి ధైర్యం చేశాడు. "ఈ ఒక్కసారికి వదిలెయ్యక్కా. అమ్మ ఇక్కడే ఉంటానంటోంది."

ఆడపడుచు తల్లి ముఖంలోకి చూసింది. కాస్త మెత్తబడింది. కాస్తే.

"సరే. ఆదివారం వస్తాను. ఈలోగా రోజూ మధ్యాహ్నం ఫోను చేసి అమ్మనే అడుగుతాను. మందు విషయంలో ఇంకొక్క పొరపాటు జరిగిందని తెలిసిందా, ఆదివారం దాకా కూడా ఆగను. అప్పటికప్పుడు వచ్చి తీసుకుపోతాను." జిప్పు సర్రున లాగింది. "ఈ సంచీ ఇక్కడే ఉంటుంది. దాటినప్పుడల్లా మీకు గుర్తు రావాలి."

ఆమె వెళ్ళిపోయింది. సంచీ అక్కడే ఉండిపోయింది.

కదిపితే తప్పు తనదని ఒప్పుకున్నట్టవుతుందని పెద్ద కోడలు దాన్ని దాటుకుంటూ తిరిగింది. చిన్న కోడలూ దాటుకుంటూనే తిరిగింది.

*

ఆఫీసులో పెద్ద కోడలిని 'అచ్చులమ్మ' అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆమెకూ ఇష్టమే.

వెబ్ పేజీ మీద కనబడే ప్రతి వస్తువుకూ ఆమె దగ్గర ఒక నమూనా ఉంది. బటన్ ఇంత ఉండాలి, పేరు రాసే పెట్టె ఇలా ఉండాలి, మీట ఈ రంగులో ఉండి నొక్కితే ఇలా జరగాలి. ఇలాంటివన్నీ ఒక్కచోట పేర్చి పెట్టింది. దాన్ని ప్యాటర్న్ లైబ్రరీ అంటారు. ఆఫీసులో ఎవరు ఏ పేజీ కట్టినా అందులోంచి తీసుకుని పెట్టుకోవాల్సిందే. అచ్చులో పోసినట్టు అన్ని పేజీలూ ఒక్క తీరుగా వస్తాయి.

అందులో సగం నమూనాలు ఇంట్లో వంటగది బల్ల మీద పుట్టినవే. తల్లి లేని పిల్లగా ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె కంప్యూటరు పెట్టుకుని కూర్చుంటే, అత్తగారు పక్కన చేరి తెర మీదకు వంగి చూసేది. అప్పటికింకా ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి.

"ఈ గుండీ ఇంత చిన్నగా ఉందేమే? నా వేలికి చిక్కదు."

"అది గుండీ కాదత్తయ్యా, బటన్."

"బటన్ని తెలుగులో ఏమంటారే మరి? పెద్దది చెయ్యి."

పెద్దది చేసింది. ఇవాళ్టికీ అది ఆ కొలతలోనే ఉంది.

చిన్న కోడలిది వేరే విద్య. జావాస్క్రిప్టుతో కట్టిన ఫ్రేమ్‌వర్క్ మీద పని చేస్తుంది. అది ఒక చట్రం. పేజీలో ఏది ఎప్పుడు మారాలో అదే చెబుతుంది. ఏ మీట ఏ పక్కన ఉందో దానికి గుర్తుంటుంది. ముందు ఆ గుర్తు మారాలి, ఆ తరవాతే తెర మీద మీట మారాలి. దాన్నడక్కుండా ఇంకెవరో వచ్చి మీటను కదిపితే చట్రం లెక్క తప్పుతుంది.

ఆమెను ఈ ఆఫీసులో చేర్పించింది పెద్ద కోడలే. "మా తోడికోడలండీ, మెరుపులాంటి పిల్ల," అని మేనేజరు దగ్గరకు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళింది.

ఆ మెరుపే కొన్ని నెలల కిందట ఒక మీటింగులో నవ్వుతూ అంది: "అక్క నమూనాలు చాలా బాగుంటాయండీ. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవచ్చు."

అందరూ నవ్వారు. పెద్ద కోడలూ నవ్వింది. ఆ నవ్వు అయ్యాక ఆమె చిన్నదానితో మాట్లాడటం మానేసింది. చిన్నది రెండు రోజులు బతిమాలి, మూడో రోజు తనూ మూతి బిగించుకుంది. అప్పటి నుంచి వాళ్ళ మాటలన్నీ మూడో మనిషి మీదుగానే నడుస్తున్నాయి.

ఆఫీసులో ఆ మూడో మనిషి మేనేజరు. మాటకు ముందొకసారి, తరవాతొకసారి టైము చూసుకుంటాడు కాబట్టి ఆయన్ని 'గడియారం' అంటారు.

సంచీ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం గడియారం ఇద్దరినీ ఒక్క తెర ముందు కూర్చోబెట్టాడు.

"తపాలా ఆఫీసు వాళ్ళ పేజీ. 'నేను ఊళ్ళో లేను, ఉత్తరాలు ఆపి ఉంచండి' అనే మీట ఉంది కదా? కొందరికి ముందుగా ఇచ్చి చూశాం. వాళ్ళు మీట నొక్కి ఊరెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఉత్తరాలన్నీ వానలో తడుస్తూ గుమ్మం ముందు పడి ఉన్నాయట. ఏమిటిది?"

ఆయనే మీట నొక్కాడు. మీట కుడివైపుకు జరిగింది. ఆకుపచ్చగా మారింది. ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ ఎడమవైపుకు వచ్చి బూడిదరంగులో నిలబడింది.

"చూశారా? అలిగి వెళ్ళిన అల్లుడు వీధి చివరి నుంచే తిరిగొచ్చినట్టు వచ్చేస్తోంది."

"ఆవిడకి చెప్పండి సార్," అంది పెద్ద కోడలు. "ఆ మీట నా నమూనా. నొక్కగానే దాన్ని తిప్పే కోడ్ దాంతోనే ఉంది. ఇన్నేళ్ళుగా తిప్పుతోంది. ఎక్కడా తేడా రాలేదు."

"అక్కగారికి చెప్పండి సార్," అంది చిన్న కోడలు. "నా చట్రంలో పెట్టాక మీటను తిప్పాల్సింది నా కోడ్. నొక్కినట్టు నాకు తెలుస్తుంది. నేను గుర్తు మారుస్తాను. మీట తిరుగుతుంది."

"ఆవిడ మీ పక్క కుర్చీలోనే ఉన్నారు కదమ్మా!" అన్నాడు గడియారం.

ఇద్దరూ తెర వైపు చూశారు.

ఆయన తల గోక్కున్నాడు. "ఉండండి, ఉండండి. నొక్కేది ఒక్కసారి. అక్కగారి కోడ్ ఒకసారి తిప్పుతోంది. ఆన్ అయింది. వెంటనే నీ కోడ్ ఇంకోసారి తిప్పుతోంది. ఆఫ్ అయింది. అంతేనా?"

ఎవరూ అవునన్లేదు. కాదనీ అన్లేదు.

"అచ్చులూ కావాలి, చట్రమూ కావాలి. రెండూ కలిపి కట్టమన్నాను గానీ ఒక్క మీట మీద రెండు చేతులు పెట్టమన్నానా? ఎవరో ఒకరు చెయ్యి తియ్యండి."

"ముందు ఆవిడని తియ్యమనండి," అంది పెద్ద కోడలు.

"ముందు అక్కగార్ని తియ్యమనండి," అంది చిన్న కోడలు.

"శుక్రవారం పొద్దున తపాలా ఆఫీసు నుంచి వస్తున్నారు," అని గడియారం లేచాడు. టైము చూసుకున్నాడు. "మీరిద్దరూ ఏ పూనకంలో ఉన్నారో నాకు తెలీదు. అప్పటికి ఆ మీట ఒక్కసారే తిరగాలి."

ఆయన వెళ్ళాక పెద్ద కోడలు తనే చెయ్యి చాచి మీట నొక్కింది. వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ నొక్కింది. వెళ్ళింది, వచ్చింది.

ఏ చేతిలోనూ తప్పు లేదు. రెండూ చెయ్యాల్సిన పనే చేశాయి.

ఆమెకు అత్తగారి నోరు గుర్తొచ్చింది. మాత్ర కోసం తెరిచిన నోరు. అంతకు కాసేపటి ముందు ఇంకో చేతికి తెరిచిన అదే నోరు.

పక్క కుర్చీ ఖాళీ అయిన చప్పుడు విని తల తిప్పింది. చిన్నది వెళ్ళిపోతోంది. పిలుద్దామనుకుంది. "అమ్మాయ్" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

*

ఇంట్లో మూడో మనిషి అత్తగారు.

"అత్తయ్యా, పాలు పొంగుతున్నాయని చెప్పండి," అంది గురువారం సాయంత్రం పెద్ద కోడలు, బట్టలు మడత పెడుతూ.

"పొయ్యి కట్టేశానని చెప్పండత్తయ్యా," అంది చిన్న కోడలు.

"కట్టేస్తే సుయ్‌మని చప్పుడెందుకొస్తోందో అడగండి."

"ఓసి మీ ఇల్లు బంగారం కానూ!" అంది అత్తగారు. "మీ రాయబారం ముగిసేదాకా పాలు ఆగుతాయిటే? మాడు వాసన నా దాకా వచ్చేసింది."

చిన్న కోడలు గిన్నె దించి, తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేల మీద పాలు అలాగే ఉన్నాయి. పెద్ద కోడలు గుడ్డ తెచ్చి తుడిచింది.

మాత్రల సంగతి ఆ వారమంతా చూడముచ్చటగా నడిచింది. పొద్దున పెద్ద కోడలు మాత్ర ఇస్తుంటే చిన్న కోడలు వంటగది గుమ్మంలో నిలబడి చూసేది. బ్యాంకు లాకరు తెరిచినట్టు ఇద్దరూ ఉండాల్సిందే. మాట మాత్రం ఉండదు. అత్తగారు మింగి, మంచినీళ్ళు తాగి, "సాక్షులు వెళ్ళొచ్చు," అనేది.

ఆ సాయంత్రం అత్తగారి జుట్టు దువ్వడానికి పెద్ద కోడలే కూర్చుంది. మణికట్టు కట్టుతో ఆమెకు చెయ్యి లేవడం లేదు. పల్చబడిన జుట్టు. దువ్వెన సంచీలోకి పోయింది కాబట్టి పెద్ద కోడలు తన దువ్వెనే తెచ్చింది.

చిక్కులు ఒక్కొక్కటీ విడదీసింది.

"అత్తయ్యా, ఒకటడగనా?"

"అడుగు."

"ఆవేళ నేను రెండో మాత్ర ఇచ్చేసరికే మీరు ఒకటి వేసుకున్నారు కదా. మీకు మతిమరుపు లేదు. నాకెందుకు చెప్పలేదు?"

అత్తగారు తల కొంచెం పక్కకు వంచింది.

"నువ్వు మరిచిపోయావనుకుందేమో, చిన్నది ముందు వచ్చి ఇచ్చింది. తరవాత నువ్వొచ్చావు. 'అది ఇచ్చేసిందే' అంటే నీ ముఖం ఎలా మారుతుందో నాకు కనపడదు. వినపడుతుంది. గ్లాసు దబ్బున పెడతావు. 'రోజూ నేనిచ్చేదాన్ని ఆవిడెందుకు ఇచ్చింది?' అంటావు. అది లోపల్నుంచి వింటుంది. తలుపు ధన్‌మంటుంది. ఇక ఆ పూట ఈ ఇంట్లో గిన్నెలే మాట్లాడతాయి."

పెద్ద కోడలి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఆ చప్పుళ్ళు వినే కన్నా మాత్రే నయమనిపించింది. మింగేశాను."

"ఎంత పని చేశారత్తయ్యా!"

"నేనా చేసింది?" అంది అత్తగారు.

గట్టిగా అనలేదు. దువ్వెన పళ్ళ మధ్య ఇరుక్కున్న తెల్లవెంట్రుకను తీస్తూ పెద్ద కోడలు తల వంచుకుంది. ఇన్నాళ్ళూ తప్పు ఎవరిదా అని ఆలోచించింది. రోజూ ఇచ్చేది తనైతే ఆవిడెందుకు ముందు ఇచ్చిందని లెక్కలు వేసింది. తెలిసి తెలిసి మింగిన మనిషిని గురించి ఇవాళ్టిదాకా ఆలోచించలేదు.

"మీరు వదిన దగ్గరికి వెళ్ళిపోతారా?" అంది చివరికి.

"పోవాలని నాకేం ఉంది? ఈ గోడలు నా చేతికి తెలుసు. ఇక్కడ మలుపు, ఇక్కడ మీట, ఇక్కడ మంచం. అక్కడి గోడలు నన్నెరగవు." ఆమె ఎడంచేత్తో కోడలి మోకాలు తడిమింది. "కానీ మీ మధ్య నేను ఉంటే మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పనే లేదు కదే. నన్ను తీసేస్తేనైనా మాట్లాడుకుంటారేమో."

పెద్ద కోడలు జుట్టు ముడి వేసింది. ముడి వదులుగా వచ్చింది.

*

శుక్రవారం తెలతెలవారుతుండగా లేచేసరికి ఆమె మనసు ఒక నిర్ణయానికి వచ్చేసింది.

చెయ్యి తీసెయ్యాలి. అక్కడా, ఇక్కడా.

పెద్దవాడు అప్పటికే షెడ్డుకు వెళ్ళిపోయాడు. మరిది వంతెన కట్టే పని మీద పక్క ఊళ్ళో ఉన్నాడు, వారాంతానికి గానీ రాడు. చిన్న కోడలి గది తలుపు వేసి ఉంది. అత్తగారు నిద్రలో ఉంది.

మాత్రల డబ్బా అలమరలోంచి తీసింది. చిన్న కోడలి గది గుమ్మం దగ్గర, తలుపు తీయగానే కాలికి తగిలేలా పెట్టింది. ఒక్క మాట చెబుదామా అని తలుపు మీద వేలు ఆనించింది. 'ఇకనుంచి నువ్వే ఇవ్వు' అంటే దెప్పినట్టుంటుందేమో. 'నేను తగ్గాను చూడు' అని గొప్ప చెప్పుకున్నట్టుంటుందేమో. డబ్బా చూస్తే తనకే అర్థమవుతుంది. సాక్షి లేకుండా ఇచ్చుకుంటుంది. మంచిదే.

వేలు వెనక్కి తీసుకుంది. గుమ్మంలో సంచీ దాటి బయటపడింది.

చెప్పులు విడిచే చోట ఒక జత తక్కువగా ఉందని ఆమె చూడలేదు.

ఆఫీసులో తన బల్ల దగ్గర దీపం ఒక్కటే వేసుకుని కూర్చుంది. లైబ్రరీ తెరిచి మీట నమూనా దగ్గరికి వెళ్ళింది. దాని కింద ఆ కోడ్ ఉంది. నొక్కితే తిప్పే కోడ్.

చాలామంది చేతుల్లో తిరిగిన సామాను అది. అత్తగారికి చేతులు వణకడం మొదలైన రోజుల్లో రాసింది. ఒక్కసారి నొక్కబోయి ఆమె రెండు మూడుసార్లు నొక్కేసేది. అందుకని కోడ్ మొదటి నొక్కునే పట్టుకుని, వెంటవెంటనే పడే తక్కినవాటిని వదిలేస్తుంది. ఒక వేలిలోంచి పొరపాటున వచ్చే రెండో నొక్కును ఆపడం దానికి తెలుసు. వేరే చెయ్యి వచ్చి తిప్పితే మాత్రం దానికి తెలియదు. అలాంటి రోజు వస్తుందని ఆమె అనుకోలేదు.

ఆ వణుకు చూసుకునే ముక్కను విడిగా తీసి, చట్రంలో అతికించుకోవడానికి వీలుగా పక్కన పెట్టింది. తిప్పే ముక్కను తుడిచేసింది.

ఇప్పుడు మీట బొమ్మలా ఉంది. రంగు ఉంది, రూపం ఉంది. ప్రాణం ఇంకొకరు పొయ్యాలి.

చిన్నదాని కోడ్‌కు నిన్నటి ప్రతి తన దగ్గర ఉంది. అందులో ఈ బొమ్మను పెట్టి నొక్కి చూసింది. మీట కుడివైపుకు జరిగింది. ఆకుపచ్చగా మారింది. అక్కడే నిలబడింది.

ఒక్కసారే!

పెద్ద కోడలు కొంగు లాంటిదేం దొరక్క చేతి వెనకతోనే కళ్ళు తుడుచుకుంది. ఇంత చిన్న పని. ఇన్ని నెలలు పట్టింది.

*

తపాలా ఆఫీసు నుంచి వచ్చింది ఒక పెద్దావిడ. జుట్టంతా నెరిసింది గానీ కళ్ళు చురుకు. కుర్చీలో కూర్చుంటూనే, "మళ్ళీ వెళ్ళి వచ్చేస్తుందా?" అంది.

"లేదండీ. ఇవాళ ఒక్కసారే," అన్నాడు గడియారం. టైము చూసుకున్నాడు.

చిన్న కోడలు మేడమీద నుంచి దిగి వచ్చి గోడవార నిలబడింది. కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. పెద్ద కోడలి వైపు చూసీచూడనట్టు చూసింది. ఆ చూపులో ఏదో మెత్తదనం ఉంది. డబ్బా చూసింది కాబోలు అనుకుంది పెద్ద కోడలు. ఆమె గుండె తేలికపడింది.

తపాలా ఆవిడ మీట నొక్కింది.

ఏమీ కాలేదు.

ఇంకోసారి నొక్కింది. మీట ఉన్నచోటే ఉంది. బూడిదరంగులో, చచ్చిన చేపలా.

"పాతదానికన్నా ఇదే నయమండీ," అంది ఆవిడ. "ఇది కనీసం ఆశ పెట్టడం లేదు."

గడియారం ముఖం మాడిపోయింది. "ఏమిటమ్మా ఇది? ఎవరు ముట్టుకున్నారు?"

పెద్ద కోడలు చిన్న కోడలి వైపు చూసింది. చిన్న కోడలు పెద్ద కోడలి వైపు చూసింది. ఎన్నాళ్ళకో, మధ్యలో ఎవరూ లేకుండా.

"నువ్వు తీసేశావా?" అంది పెద్ద కోడలు.

"నువ్వూ తీసేశావా అక్కా?"

"పొద్దున తీశాను. నీ ప్రతిలో పెట్టి చూశాను కూడా. బాగానే తిరిగింది."

"అది నిన్నటి ప్రతి. నేను తెల్లారకముందే వచ్చి నాది తీసేశాను. నీ పాత మీటతో నొక్కి చూస్తే బాగానే తిరిగింది." చిన్నది గోడ వదిలి ముందుకొచ్చింది. "నీ మీటను నీ చేతికే వదిలేద్దామనుకున్నాను అక్కా. అద్దాల బీరువా మాట అన్నందుకు... ఎలా చెప్పాలో తెలియక."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదే!"

"నువ్వు చెప్పావా?"

తగాదా పడినప్పుడు ఇద్దరూ పట్టుకున్నారు. మనసు కరిగినప్పుడు ఇద్దరూ వదిలేశారు. మోసేవాళ్ళందరూ ఒక్కసారే భుజం తీసేస్తే పల్లకి నిలిచేదెలా? కోపంలో దాచుకున్నట్టే ప్రేమనూ దాచుకున్నారు. అదే తప్పు రెండోసారి.

"రా, ఇలా కూర్చో," అంది పక్క కుర్చీ లాగి. "తిప్పడం నీది. రూపం నాది. చేతులు వణికేవాళ్ళ కోసం రాసిన ముక్క ఒకటి విడిగా పెట్టాను, అది నీ దాంట్లో కలుపుకో. ఇకనుంచి నేను ఏది మార్చినా నీకు చెప్పి మారుస్తాను."

చిన్నది కూర్చుంది. కూర్చుంటూ ముక్కు ఎగబీల్చి నవ్వింది. "గుండీ కొలత మాత్రం మార్చొద్దక్కా. అత్తయ్య ఊరుకోదు."

ఆ నవ్వు మధ్యలోనే దాని ముఖం తెల్లబోయింది.

"అక్కా, అత్తయ్యకి మాత్ర ఇచ్చి వచ్చావా?"

"నేనా? నువ్విస్తావని డబ్బా నీ గుమ్మంలో పెట్టి వచ్చాను కదే!"

"నేను అప్పటికే ఇక్కడున్నాను. గదిలో ఎవరూ లేరక్కా. ఇవాళ్టి నుంచి నువ్వొక్కదానివే ఇచ్చుకుంటావని, అడ్డు రాకూడదనే ముందుగా వచ్చేశాను."

పెద్ద కోడలి చేయి అప్పటికే ఫోను మీద ఉంది. మోగింది. మోగుతూనే ఉంది. తీసినప్పుడు అత్తగారి గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది.

"ఎవరే?"

"నేనత్తయ్యా. మేమిద్దరం. మాత్ర వేసుకున్నారా?"

"ఎవరిస్తే వేసుకోను? లేచి పిలిచాను. పెద్దదాన్ని పిలిచాను, పలకలేదు. చిన్నదాన్ని పిలిచాను, పలకలేదు." ఆగింది. "రెండు మాత్రలు మింగిన రోజున నాకు ఇద్దరు కోడళ్ళున్నారనుకున్నానే. ఇవాళ ఒక్కరూ లేరు."

ఇద్దరి తలలూ ఒక్క ఫోను మీదకు వంగి ఉన్నాయి.

"వదిన ఫోను చేసిందా అత్తయ్యా?" అంది చిన్న కోడలు.

"ఇవాళ తొందరగానే చేసింది. వేసుకున్నావా అమ్మా అంది. అబద్ధం ఆడదామనుకున్నాను. నోరు రాలేదు."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. పెట్టేసింది. అది ఏమీ అనలేదంటే బయల్దేరినట్టే."

"మేం వచ్చేస్తున్నాం అత్తయ్యా. మీరు కూర్చోండి. లేవకండి. డబ్బా..."

అవతల గంట మోగింది. ఫోనులోంచి స్పష్టంగా వినబడింది. ఇంకోసారి మోగింది, ఈసారి విసురుగా.

"అదుగో వచ్చేసింది," అంది అత్తగారు. "దాన్ని బయట నిలబెట్టడం ఎందుకులే. గోడ పట్టుకుని వెళ్ళి తలుపు తీస్తాను."

పడిన నాటి నుంచి ఆమె తన గది దాటి ఒంటరిగా రాలేదు. గుమ్మం దాకా ఒక్కసారీ రాలేదు. ఆ దారి ఆమె చేతికి తెలిసిన దారే. కానీ ఆ దారిలో ఆ వారమంతా ఇద్దరూ దాటుకుంటూ తిరిగింది ఒకటుంది. ఎవరో ఒకరు తీసేసి ఉంటారనే ఆమె అనుకుని ఉంటుంది.

"అత్తయ్యా, సంచీ!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

వినవలసిన మనిషి మాత్రం అప్పటికే ఫోను పక్కన పెట్టేసింది. గోడను తడుముకుంటూ, నెమ్మదిగా దూరమవుతున్న అడుగుల చప్పుడు ఒక్కటే వాళ్ళకు వినబడుతోంది.